ఎనిమిదో తరగతిలోకి వచ్చే పిల్లలకు జీవశాస్త్ర పునశ్చరణ: ఏవి పట్టుకోవాలి, ఏవి వదలాలి?

గోదారిగట్టు_టీచర్
జూన్ 12న బడులు తెరిచాక కొత్త పాఠం మొదలుపెట్టే ముందు రెండు వారాల పాటు ఆరు, ఏడు తరగతుల జీవశాస్త్రాన్ని పునశ్చరణ చేయించాలని మా ప్రధానోపాధ్యాయులు చెప్పారు. నా ఇబ్బంది ఏమిటంటే, మా పిల్లలకు నిర్వచనాలు రాక కాదు. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటని అడిగితే అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. అదే పిల్లవాణ్ణి బడి ముందున్న రావిచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఇంత మాను బరువు ఎక్కడి నుంచి వచ్చిందిరా అని అడిగితే, మట్టిలో నుంచి వచ్చింది టీచర్ అంటాడు. మొక్కలు ఎప్పుడు శ్వాసిస్తాయని అడిగితే, రాత్రిపూట అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో చెబుతుంది. పాత పాఠాలన్నింటినీ పైపైన తిరగేయించడం మేలా, లేక నాలుగైదు విషయాలనే పట్టుకుని అవి తేలేదాకా వదలకుండా ఉండడం మేలా? బడిలో సూక్ష్మదర్శిని ఒక్కటే ఉంది. అది కూడా ఎండ బాగా ఉన్న రోజునే పనిచేస్తుంది.

పాలమూరు_పంతులు
రెండోదే మేలు. రెండు వారాల్లో పన్నెండు పాఠాలు తిరగేయిస్తే పిల్లలకు గుర్తుండేది మీ గొంతు బొంగురు పోయిన సంగతి ఒక్కటే.

మార్కులే_ముఖ్యం
నేను విభేదిస్తున్నాను. నేను సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను కనుక పరీక్షలో ఏమి అడుగుతారో నాకు తెలుసు. రక్షక పత్రావళి, ఆకర్షక పత్రావళి, కేసరావళి, అండకోశం అనే నాలుగు వలయాల పేర్లు రాని పిల్లవాడికి పువ్వు మీద ఎంత కుతూహలం కలిగించినా జవాబు పత్రంలో అది కనబడదు. పునశ్చరణ అంటే మరచిపోయినదాన్ని మళ్లీ గుర్తు చేయడమే కాబట్టి, ముందు పదాలు, పటాలు, నిర్వచనాలు గట్టిపడాలి. మాను బరువు సంగతి ఆ తరువాత తీరికగా చూసుకోవచ్చు.

రైతుబిడ్డ_తెనాలి
మాను బరువు సంగతి తీరికగా చూసుకునేది కాదు మాస్టారూ, మా ఊళ్లో ఏ పిల్లవాణ్ణి అడిగినా యూరియా పైరుకు ఆహారమనే చెబుతాడు. వాడి చేత చిన్న లెక్క చేయించండి. యూరియా కట్ట 45 కిలోలు. ఎకరానికి మూడు కట్టలు చల్లామనుకున్నా 135 కిలోలు. పంట బాగా పండి ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్ఫయి వచ్చాయంటే ధాన్యమే 2,250 కిలోలు. గడ్డి బరువు దానికి అదనం. మూడు కట్టలు వేసి ముప్ఫయి బస్తాలు ఎత్తుతున్నామంటే మిగతా బరువు ఎక్కడిది? పైగా పొలంలో మట్టి ఏటా తరిగిపోయి గుంత పడడం లేదు. ఈ లెక్క మా అన్నయ్య కొడుకుతో చేయిస్తే, వాడు కాసేపు ఆలోచించి నీళ్ల నుంచి అన్నాడు. ధాన్యం ఎండబెట్టాకే కదా తూకం వేస్తాం అని గుర్తు చేస్తే మళ్లీ ఆలోచనలో పడ్డాడు.

సూక్ష్మదర్శిని
రైతుబిడ్డ గారి మేనల్లుడో, అన్నగారి అబ్బాయో గానీ, ఆ పిల్లవాడు వాన్ హెల్మాంట్ దారిలోనే నడిచాడు. బెల్జియం ప్రాంతానికి చెందిన ఆ శాస్త్రవేత్త 200 పౌండ్ల ఎండు మట్టి తొట్టెలో అయిదు పౌండ్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్లు నీరు తప్ప మరేమీ పోయకుండా పెంచాడు. చివరికి చెట్టు 169 పౌండ్లు దాటింది, మట్టి మాత్రం సుమారు రెండు ఔన్సులే తగ్గింది. ఆయన కూడా చెట్టంతా నీటితోనే తయారైందని తేల్చాడు. ఆయన మరణానంతరం 1648లో ఈ ప్రయోగం అచ్చయింది. చెట్టు బరువులో గాలికి వాటా ఉందన్న సంగతి తెలియడానికి ఆ తరువాత నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. అంతటి వారికే అంతకాలం అందని విషయాన్ని ఒక పీరియడ్‌లో నిర్వచనంగా రాయించేసి, పిల్లవాడికి ఎందుకు ఎక్కలేదని ఆశ్చర్యపోవడం న్యాయం కాదు.

అయితే టీచర్ గారూ, వరుస విషయంలో నాదొక సూచన. కణంతో మొదలుపెట్టండి. కణమేమిటో తెలియకుండా శ్వాసక్రియ చెబితే అది ముక్కు, ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతుంది. మొక్కకు ముక్కు లేదు కనుక శ్వాసక్రియ కూడా లేదనే దాకా పోతుంది.

పాలమూరు_పంతులు
సూక్ష్మదర్శిని గారితో ఇక్కడే నాకు పేచీ. ఉన్నది ఒక్కటే యంత్రమైనప్పుడు, నలభై మంది వరుసలో నిలబడి తలా పది సెకన్లు తొంగిచూస్తే, సగం మంది గాలిబుడగను చూసి కణం చూశామని పటం గీస్తారు. నల్లటి అంచుతో గుండ్రంగా ఉండే ఆ గాలిబుడగ బొమ్మను నేను ఎన్ని రికార్డు పుస్తకాల్లో చూశానో చెప్పలేను. కంటికి కనిపించే తిండి, గాలి, చెట్టు, పొలంతో మొదలుపెట్టి కణాన్ని చివరన పెట్టండి.

డీఎస్సీ_ఆశావహి
గాలిబుడగ బొమ్మకు కేంద్రకం కూడా పెట్టి, బాణం గుర్తు వేసి, పేరు రాసినవారిలో నేనొకదాన్ని. పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

సూక్ష్మదర్శిని
గాలిబుడగ తప్పు పిల్లలది కాదు, పైన కప్పే పలచని గాజుబిళ్ల, అంటే కవర్‌స్లిప్ వేసే తీరుది. ఉల్లిగడ్డ పొర లోపలి వైపు నుంచి తీసిన పలచని పొరను గాజుపలక మీద నీటి చుక్కలో ముడత లేకుండా పరచాలి. సాఫ్రనిన్ ఒక చుక్క వేసి, అద్దుడు కాగితంతో ఎక్కువైన రంగును తీసేయాలి. కవర్‌స్లిప్‌ను ఒక అంచు ముందుగా నీటికి తాకించి, సూదితో ఆనించి మెల్లగా వాల్చాలి. పైనుంచి ఒక్కసారిగా వదిలితే గాలి చిక్కుకుంటుంది. ఇటుకల వరుసలా కనబడే పొడవాటి గదులు కణాలు, వాటి గోడలు కణకవచాలు. వాటిలో పక్కకు ఒదిగిన ఎర్రని చుక్క కేంద్రకం. అది మధ్యలో కాకుండా పక్కకు ఎందుకు పోయిందని అడగండి, కణం నడుమ ద్రవంతో నిండి ఉండే పెద్ద సంచి, అంటే రిక్తిక సంగతి పిల్లలే బయటికి లాగుతారు. ఆ తరువాత ఈ ఉల్లిపొరలో పచ్చరంగు ఎందుకు లేదని అడగండి. మొక్క కణమంటే హరితరేణువులు ఉండాలని బట్టీపట్టిన పిల్లవాడు ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేల లోపల ఉండే గడ్డకు వెలుగు ఉండదు కనుక వాటితో పని లేదన్న మాట వాడి నోటి నుంచే వస్తుంది.

మందారపువ్వు
నేను ఉపాధ్యాయురాలిని కాదు, ఏడో తరగతి అబ్బాయి తల్లిని. చెట్ల కింద రాత్రిపూట పడుకోకూడదని, అవి బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. మా వాడు పుస్తకం తెచ్చి, నాన్నమ్మ చెప్పింది నిజమే, మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని వాదిస్తున్నాడు. దీనిని ఎలా సరిదిద్దాలి?

పాలమూరు_పంతులు
శ్వాసక్రియ ఇరవై నాలుగు గంటలూ జరుగుతుందమ్మా. ప్రాణమున్న ప్రతి కణానికీ ప్రతి క్షణం శక్తి కావాలి. పగటిపూట ఎండలో కిరణజన్య సంయోగక్రియ వేగం శ్వాసక్రియ కంటే చాలా ఎక్కువ కాబట్టి, శ్వాసక్రియలో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఆకు లోపలే ఖర్చయిపోతుంది, చాలనిది బయటి నుంచి లోపలికి వస్తుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. రాత్రి వెలుగు లేదు కనుక శ్వాసక్రియ ఒక్కటే మిగిలి, దాని ఫలితం మనకు కనబడుతుంది. ఉదయం, సాయంత్రం మసక వెలుతురులో రెండూ సరిసమానమయ్యే ఘడియ కూడా ఒకటి ఉంటుంది.

అత్తగారి మాటకు వస్తే, ఆరుబయట చెట్టు వదిలే వాయువు గాలిలో ఎప్పటికప్పుడు కలిసిపోతుంది. ఒక మనిషి రోజుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాడు. తలుపులన్నీ బిగించుకున్న గదిలో పక్కన పడుకున్న మనిషికి లేని భయం తొట్టిలోని మొక్కకు అక్కర్లేదు. చెట్టు కింద పడుకుంటే పురుగూ పుట్రా, విరిగిపడే కొమ్మా ఉంటాయి కనుక ఆవిడ జాగ్రత్త చెప్పడంలో తప్పేమీ లేదు, కారణం మాత్రం వేరు.

డీఎస్సీ_ఆశావహి
అంటే మందారపువ్వు గారు ఇప్పుడు అత్తగారికి పక్కన పడుకున్న మామగారే ఎక్కువ ప్రమాదకరమని చెప్పాలన్నమాట.

మందారపువ్వు
ఆ సాహసం నేను చేయను. మా వాడితో చెప్పిస్తాను. మరి నర్సరీల వాళ్లు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇచ్చే మొక్కలంటూ అమ్ముతున్నారు కదా, రావిచెట్టు గురించి కూడా అలాగే ప్రచారం చేస్తున్నారు. అవి నిజమా?

సూక్ష్మదర్శిని
కాదు. కిరణజన్య సంయోగక్రియలో బయటికి వచ్చే ఆక్సిజన్ నీటి అణువు విడిపోవడం వల్ల వస్తుంది. దానిని విడదీసేది కాంతిశక్తి. రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తల బృందం 1941లో బరువైన ఆక్సిజన్ ఐసోటోపును వాడి ఈ సంగతిని చూపించింది. కాంతి లేనిచోట ఏ మొక్క కూడా ఈ పని చేయలేదు. అయితే ఈ ప్రచారం ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించవచ్చు. బ్రహ్మజెముడు, కలబంద, అనాస వంటివి నీటిని కాపాడుకోవడానికి పగలు పత్రరంధ్రాలను మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని, ఆమ్లం రూపంలో దాచుకుంటాయి. తెల్లవారి వెలుగు వచ్చాక దానితో ఆహారం తయారు చేసుకుంటాయి. రాత్రి కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడం నిజం, రాత్రి ఆక్సిజన్ ఇవ్వడం అబద్ధం. ఎనిమిదో తరగతికి ఇంత వివరం అక్కర్లేదు గానీ, ఇంగెన్‌హౌస్ అనే శాస్త్రవేత్త 1779లోనే చెప్పిన మాటను మాత్రం చెప్పండి: మొక్క పచ్చని భాగాలు వెలుతురులో మాత్రమే గాలిని బాగుచేస్తాయి.

మార్కులే_ముఖ్యం
చర్చ రసవత్తరంగా ఉంది, కాదనను. అయితే వరి గింజ బరువు గాలి నుంచి వచ్చిందని పిల్లవాడు జవాబు పత్రంలో రాస్తే, దిద్దేవారు సున్నా వేసి పక్కన ప్రశ్నార్థకం పెడతారు. అప్పుడు మీరెవరూ వచ్చి వాదించరు.

పాలమూరు_పంతులు
గాలి అని రాస్తే సున్నా వేస్తారేమో. కార్బన్ డయాక్సైడ్, నీరు కలిసి, పత్రహరితం సమక్షంలో, కాంతిశక్తితో గ్లూకోజ్ తయారై, అదే మొక్క దేహమంతా అయిందని రాస్తే ఎవరు సున్నా వేస్తారు? మీ నిర్వచనమే అది. మేము అడిగేదల్లా ఆ నిర్వచనంలో ఉన్న కార్బన్ డయాక్సైడే చెట్టు మానులో ఉన్న కలప అని పిల్లవాడికి తెలిసిందా లేదా అని.

రైతుబిడ్డ_తెనాలి
అలాగని యూరియా దండగ అనే తప్పుడు సంకేతం కూడా ఇవ్వకండి. అందులో 46 శాతం నత్రజని ఉంటుంది. మాంసకృత్తులకు, పత్రహరితానికి అది కావాలి. అది తగ్గితే ముదురాకులు ముందుగా పసుపు రంగుకు తిరుగుతాయని పొలానికి పోయే ప్రతి పిల్లవాడికీ తెలుసు. కొంచెం అయినా అది లేనిదే పని జరగదు, కానీ శక్తి దాని నుంచి రాదు. మనిషికి ఉప్పు ఎలాగో పైరుకు యూరియా అలాగే అంటే మా పిల్లలకు ఒక్కసారిలో అర్థమైంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మీరంతా మొక్కల దగ్గరే ఆగిపోయారు. మా ఆసుపత్రికి శిక్షణకు వచ్చే ఇంటర్ దాటిన పిల్లల్లో కూడా మూడు అపోహలు చూస్తుంటాను. అవి ఏడో తరగతిలో పాతుకున్నవే.

మొదటిది, సిరల్లో రక్తం నీలంగా ఉంటుందని. పుస్తకంలో గుండె పటానికి ఒక వైపు ఎరుపు, ఒక వైపు నీలం వేయడం సౌకర్యం కోసమే. సిర నుంచి పరీక్షకు రక్తం తీసినప్పుడు సిరంజిలోకి ముదురు ఎరుపు వస్తుంది, ధమని నుంచి తీసినప్పుడు మెరిసే ఎరుపు వస్తుంది. నీలం రక్తాన్ని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. చర్మం, కొవ్వు పొరల గుండా కాంతి చెదిరి రావడం వల్ల సిరలు మన కంటికి అలా కనబడతాయి.

రెండోది, ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం ఉంటాయని. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తమే ప్రవహిస్తుంది. మంచి, చెడు అని నేర్చుకున్నవారు ఇక్కడ బోర్లా పడతారు.

మూడోది, ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతామని. పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం నుంచి నాలుగు శాతం వరకు పెరుగుతుంది. మనం వదిలేదంతా కార్బన్ డయాక్సైడే అయితే నోటితో నోటికి ఊపిరి ఊది ప్రాణం నిలబెట్టడం ఎలా సాధ్యమని అడగండి, తరగతి నిశ్శబ్దమైపోతుంది.

న్యూజెర్సీ_నాన్న
మా అమ్మాయి ఇక్కడ ఏడో తరగతి చదువుతోంది. ఈ రాష్ట్రం నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ అనే ప్రమాణాలను పాటిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల జీవశాస్త్రాన్ని అందులో నాలుగు భాగాలుగా పెట్టారు: జీవుల నిర్మాణం, పనులు కలిపి ఒకటి, ఆ తరువాత ఆవరణ వ్యవస్థలు, అనువంశికత, జీవపరిణామం. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటని అడగరు. పదార్థం, శక్తి జీవిలోకి ఎలా వచ్చి ఎలా పోతున్నాయో ఆధారాలతో వివరించమంటారు. వినడానికి బాగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇక్కడి పిల్లలకు రెండో చిక్కు ఉంది. మా అమ్మాయి బంకమట్టితో కణం నమూనా చక్కగా చేసింది, మైటోకాండ్రియాకు ఊదారంగు పూసింది, అది ఏం చేస్తుందని అడిగితే శక్తిని తయారు చేస్తుందని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. దేనిలో నుంచి తయారు చేస్తుందని అడిగితే తెలియదు. అందువల్ల మార్కులే ముఖ్యం గారి మాటలో కొంత నిజముంది. పేర్లు, వాటి వెనుక ఉన్న ప్రక్రియ స్థిరంగా తెలియకపోతే, ఆధారాలతో వివరించడం వట్టి కబుర్లుగా మిగులుతుంది.

మార్కులే_ముఖ్యం
ఈ వేదికలో నన్ను సమర్థించిన మొదటి వ్యక్తి అమెరికాలో దొరికారు.

సూక్ష్మదర్శిని
మైటోకాండ్రియా ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. అది శక్తిని సృష్టించదు. గ్లూకోజ్‌లో ఉన్న శక్తిని ఆక్సిజన్ సాయంతో విడుదల చేసి, ఏటీపీ అనే అణువులో కణం వాడుకోవడానికి వీలైన రూపంలో నింపుతుంది. ఆ ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా కార్ల్ లోమన్, 1929 ప్రాంతంలో దానిని వెలుగులోకి తెచ్చారు. గోదావరి జిల్లాల బడిలో శ్వాసక్రియ చెబుతూ ఆయన పేరు చెప్పకపోవడం నాకు లోటుగా అనిపిస్తుంది. పేరు చెప్పి ఊరుకోకుండా, ఆయన పట్టుకున్నది ఏ అణువో, అది ఒంట్లో ఏం చేస్తుందో కూడా చెప్పాలి.

గోదారిగట్టు_టీచర్
ఇంత స్పందన వస్తుందనుకోలేదు. శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ రెండింటినీ ఒక జంటగా పెట్టుకుని మొదటి వారం నడపాలని నిర్ణయించుకున్నాను. మొక్క శ్వాసిస్తుందని కంటికి చూపించే తేలిక ప్రయోగం ఏదైనా చెప్పండి. రసాయనాలు కొనడానికి బడిలో నిధులు లేవు.

పాలమూరు_పంతులు
కిళ్లీకొట్టు నుంచి సున్నం తెప్పించండి. సీసా నీళ్లలో చెంచాడు కలిపి బాగా కుదిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున ముద్ద, పైన తేట మిగులుతాయి. ఆ తేటను మెల్లగా వేరే సీసాలోకి వంచి వెంటనే మూత బిగించండి. మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కే పైన తెల్లని మీగడ కడుతుంది.

నానబెట్టి మొలకెత్తించిన పెసలను వెడల్పు మూతి సీసాలో మూడోవంతు పోసి, వాటి మీద చిన్న గిన్నెలో సున్నపు తేట పెట్టి, గాలి చొరకుండా మూత బిగించండి. మరునాటికి తేట పాలలా మారుతుంది. పక్కన మొలకలు లేని ఖాళీ సీసాలో అదే తేట ఉంచితే ఎంత తేడా ఉందో పిల్లలే చెబుతారు. మొలకల్లో పచ్చదనం లేదు, ఊపిరితిత్తులు లేవు, అది రాత్రా పగలా అన్న పట్టింపు కూడా లేదు. అయినా శ్వాసక్రియ జరిగింది.

డీఎస్సీ_ఆశావహి
మా పుస్తకంలో ఉడికించిన గింజలను పోలిక కోసం వాడమని ఉంది. ఖాళీ సీసా కంటే అది మంచిది కదా? ప్రాణమున్న గింజకు, ప్రాణం లేని గింజకు తేడా తెలుస్తుంది.

సూక్ష్మదర్శిని
మంచిదే, అయితే ఒక చిక్కు ఉంది. జూన్ ఉక్కలో ఉడికించిన పెసలు రాత్రికి పులుస్తాయి. వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు కూడా శ్వాసిస్తాయి కాబట్టి ఆ సీసాలోని తేట కూడా కొంత తెల్లబడి, చచ్చిన గింజ శ్వాసించిందని పిల్లలు రాసుకుంటారు. ఉడికించినవాటిని పెడితే కొద్ది గంటల్లోనే పోల్చి చూడండి. ఒకవేళ మరునాటిదాకా ఉంచి అది తెల్లబడితే, పారేయకుండా కారణం అడగండి. నా అనుభవంలో అనుకున్నట్టు జరిగిన ప్రయోగం కంటే ఈ పులిసిన పెసల మీద జరిగిన చర్చే ఎక్కువ నేర్పింది.

మందారపువ్వు
ఇక్కడ అడగవచ్చో లేదో గానీ, కోడిగుడ్డు ఒకే కణమని మా వాడు, కాదని వాళ్ల అక్క, ఇంట్లో రెండు రోజులుగా యుద్ధం. మీరెవరైనా తీర్పు చెప్పాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నిప్పుకోడి గుడ్డు అన్నింటికంటే పెద్ద కణమని మా పుస్తకంలో చదివాను. కాబట్టి అబ్బాయిదే గెలుపు.

న్యూజెర్సీ_నాన్న
గుడ్డు లోపలి నుంచి పిల్ల వస్తుంది కదా, ఒక్క కణం నుంచి ముక్కు, రెక్కలు ఎలా వస్తాయి? అక్కదే సరైనదని నా ఓటు.

సూక్ష్మదర్శిని
ఇద్దరికీ సగం సగం. దుకాణంలో కొనే గుడ్డు సాధారణంగా ఫలదీకరణ జరగనిది. అందులో పచ్చసొన భాగం, దాని మీద ఉండే చిన్న తెల్లని చుక్కతో సహా, ఒక్క కణం. ఆ చుక్క దగ్గరే కేంద్రకానికి సంబంధించిన పదార్థం ఉంటుంది, మిగతాదంతా నిల్వ ఆహారం. తెల్లసొన, పెంకు కణంలో భాగం కావు, తల్లి శరీరం ఆ కణం చుట్టూ పేర్చిన పొరలు. ఫలదీకరణ జరిగిన గుడ్డు అయితే తల్లి కడుపులో ఉండగానే విభజన మొదలై, పెట్టేసరికే వేలకొద్దీ కణాలు తయారై ఉంటాయి. ఒక్క కణం నుంచి ముక్కు, రెక్కలు ఎలా వచ్చాయన్న న్యూజెర్సీ నాన్న గారి ప్రశ్నకు జవాబు ఆ విభజనే.

మందారపువ్వు
తీర్పు చదివి వినిపించాను. ఇద్దరూ గెలిచామనే అంటున్నారు. గుడ్డు మాత్రం అట్టు అయిపోయింది.

రైతుబిడ్డ_తెనాలి
రెండో వారానికి ఆహారపు గొలుసు పెట్టుకోండి టీచర్ గారూ. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బట్టీకొట్టిన వరుస కాకుండా, కొల్లేరునో మీ ఊరి చేలనో పెట్టి గీయించండి. వరి, ఎలుక, జెర్రిపోతు, గద్ద అని మా ఊరి పిల్లలు సులువుగా చెబుతారు గానీ, బాణం గుర్తు దగ్గర పది మందిలో ఏడెనిమిది మంది తడబడతారు. తినేదాని నుంచి తినబడేదాని వైపు వేస్తారు, పాము ఎలుక మీదికి పోతుంది కదా అని వాళ్ల వాదన. బాణం శక్తి ఎటు పోతోందో చూపాలి, ఎవరు ఎవరి మీద పడుతున్నారో కాదు. ఇది సరిదిద్దితే మొదటి వారంలో చెప్పిన గ్లూకోజ్ సంగతికి, ఈ గొలుసుకు లంకె కుదురుతుంది. గొలుసు చివర గద్ద చచ్చాక ఏమవుతుందని అడగడం మరవకండి. చచ్చినవాటిని కుళ్లబెట్టే విచ్ఛిన్నకారులను పుస్తకంలో ఒక మూల పెట్టేస్తారు కనుక పిల్లలు వాటిని తలచుకోరు.

మార్కులే_ముఖ్యం
రెండు వారాల్లో రెండు అంశాలేనా? వర్గీకరణ, సూక్ష్మజీవులు, పువ్వు భాగాలు, అస్థిపంజరం ఎవరు చెబుతారు?

నైట్‌డ్యూటీ_సిస్టర్
సూక్ష్మజీవులకు ఒక్క పీరియడ్ చాలు, కానీ వదలకండి. దోమే మలేరియాను పుట్టిస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. పుట్టించేది ప్లాస్మోడియం, మోసేది ఆడ అనాఫిలిస్ దోమ. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఆ పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది సికింద్రాబాద్‌లోనే కనుక చెప్పడానికి మనకు మంచి ఆసరా కూడా ఉంది. అలాగే జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదో ఈ వయసులోనే చెప్పండి. సాధారణంగా అది వైరస్ వల్ల వస్తుంది, ఆ మందు బాక్టీరియా మీద పనిచేస్తుంది. ఇళ్లలో మిగిలిన బిళ్లలు వేసుకునే అలవాటును కొంతైనా తగ్గించగలిగేది ఈ పిల్లలే.

పాలమూరు_పంతులు
పువ్వు భాగాలకు వేరే పీరియడ్ అక్కర్లేదు. తలా ఒక మందార పువ్వు, ఒక ఉమ్మెత్త పువ్వు తెమ్మనండి, బ్లేడుతో మీరే నిలువుగా చీల్చి ఇవ్వండి, భాగాలను కాగితానికి అంటించి పేర్లు రాయమనండి. మార్కులే ముఖ్యం గారి నాలుగు వలయాలూ అరగంటలో పూర్తవుతాయి. ఉమ్మెత్త గింజ, ఆకు విషం కనుక చేతులు కడిగించాకే మధ్యాహ్న భోజనానికి పంపండి. అస్థిపంజరాన్ని నేనైతే ఈ రెండు వారాల్లో వదిలేస్తాను. ఎముకల పేర్లు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

మార్కులే_ముఖ్యం
అంటించడం బాగుంది, నేను కూడా వాడుకుంటాను. అస్థిపంజరాన్ని వదిలేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

గోదారిగట్టు_టీచర్
కణాన్ని ముందా, వెనుకా అన్న పేచీ మీరిద్దరూ తేల్చుకోలేదు కాబట్టి నేను మధ్యలో పెడుతున్నాను. మొదట రైతుబిడ్డ గారి బస్తాల లెక్క, తరువాత మొలకల సీసా, ఈ శ్వాసించేది ఎక్కడ అన్న ప్రశ్న వచ్చాక ఉల్లిపొర. సిస్టర్ గారి రక్తం, ఊపిరి లెక్కలు ఆ వెంటనే. రెండో వారం ఆహారపు గొలుసు, సూక్ష్మజీవులు, పువ్వు. ఆకులో పిండిపదార్థం చూపడానికి అయోడిన్ పరీక్ష కూడా పెట్టాలని ఉంది. కిందటేడు ఉల్లికాడతో చేస్తే నీలం రంగు రాలేదు. అయోడిన్ పాతదేమో తెలియదు.

సూక్ష్మదర్శిని
అయోడిన్ తప్పు కాకపోవచ్చు. ఉల్లికాడ తన ఆహారాన్ని పిండిపదార్థంగా కాక చక్కెరల రూపంలోనే ఉంచుకుంటుంది, అందుకే రంగు రాదు. మందార ఆకు తీసుకోండి. మొక్కను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచి, ఆకులో కొంత భాగానికి నల్లకాగితం కట్టి, కొన్ని గంటలు ఎండలో పెట్టి, ఆ తరువాత ఆకును కోసి నీటిలో మరిగించి, స్పిరిట్‌లో రంగు పోయేదాకా వేడిచేయాలి. స్పిరిట్ గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి, భగ్గుమంటుంది. స్టవ్ ఆర్పేసి, మరిగిన నీళ్ల గిన్నెలో దానిని దింపండి. రంగు పోయిన ఆకు పెళుసుబారుతుంది కనుక ఒకసారి గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, అప్పుడు అయోడిన్ వేయండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ప్రయోగశాల అయోడిన్ లేకపోతే గాయాలకు రాసే బెటాడిన్ ద్రావణం సరిపోతుంది, మందుల దుకాణంలో దొరుకుతుంది. చిక్కగా వేస్తే ఆకంతా గోధుమరంగులో మునిగిపోయి ఏదీ తెలియదు, నీరు కలిపి లేత పసుపు రంగుకు తెచ్చుకోండి. ముందుగా గంజిలో ఒక చుక్క వేసి నీలినలుపు వస్తోందో లేదో చూసుకుంటే తరగతిలో ఇబ్బంది ఉండదు.

గోదారిగట్టు_టీచర్
గంజి మధ్యాహ్న భోజనం వండేచోట రోజూ దొరుకుతుంది. బెటాడిన్ మా బడి ప్రథమ చికిత్స పెట్టెలో ఉంది, గడువు తేదీ చూసి రేపు చెబుతాను.